తాత కట్టిన తొట్టి, మిద్దె మీది ఎండ

చింతామణి దగ్గర మా తోటలో ఒక తొట్టి ఉంది. 20 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు, నాలుగున్నర అడుగుల లోతు. సగం భూమిలో, సగం పైకి. తాత కట్టించింది. రాతిగోడ, లోపల సిమెంటు పూత. బోరు మోటారు వేస్తే నీళ్ళు మొదట ఈ తొట్టిలో పడి, అక్కడినుంచి కాలవ గుండా మల్బరీకి, టమాటాకు పోయేవి. మేము అన్నదమ్ములం, చిన్నాయన పిల్లలం, అందరం ఈత నేర్చుకున్నది దాంట్లోనే. బడిలో కన్నడం, ఇంట్లో తెలుగు, తొట్టిలో అరుపులు మాత్రం రెండూ కలిపి.

డ్రిప్పు వచ్చినాక, ప్లాస్టిక్ షీటు పరిచి కృషి హొండ తవ్వించినాక తొట్టికి పని లేకుండా పోయింది. ఏళ్ళ తరబడి దాంట్లో ఎండుటాకులు, ఒక విరిగిన మంచం, రెండు పాత టైర్లు ఉండేవి. పోయిన ఏడాది దానికి మళ్ళీ పని వచ్చింది. అది ఎట్లా వచ్చిందో రాయాలంటే నాయన సంగతి ముందు రాయాలి.

నాయనకు స్ట్రోకు వచ్చి రెండేళ్ళు దాటింది. ఎడమ చెయ్యి, ఎడమ కాలు పడిపోయినాయి. చెయ్యి కొంత తిరిగింది, కాలు ఇప్పటికీ ఈడుస్తాడు. బెంగళూరులో ఫిజియోథెరపీ చేసే ఆమె ఒక మాట చెప్పింది: ఎదలోతు వెచ్చని నీళ్ళలో రోజూ ఇరవై నిముషాలు నడిపిస్తే మంచిది, నీళ్ళలో ఒంటి బరువు తగ్గుతుంది, పడిపోతామన్న భయం ఉండదు, బిగుసుకున్న కండరాలు వదులవుతాయి అని. నీళ్ళు 32 నుంచి 34 డిగ్రీలు ఉండాలంది. అట్లాంటి కొలను బెంగళూరులో ఉంది. వారానికి మూడుసార్లు నాయనను కారులో కూర్చోబెట్టి తీసుకపోయి తీసుకరావాలంటే ఒక పూట రోడ్డు మీదే గడిచిపోతుంది. నెల రోజులు చేశాం. తర్వాత నాయనే "నాకొద్దప్పా ఈ తిరుగుడు" అన్నాడు. ఆ సాయంత్రం తోటలో నడుస్తా ఉంటే తొట్టి కనపడింది.

ఇది చదివేవాళ్ళలో కోలారు, చిక్కబళ్ళాపురం వైపు వాళ్ళుంటే నాయన ఏమన్నాడో చెప్పకుండానే ఊహించుకోగలరు.

"ఊళ్ళో బిందె నీళ్ళకు ట్యాంకరు కోసం కాచుకోనుండారు. మనం తొట్టి నింపుకొని దాంట్లో కూచుందామా? నలుగురూ ఏమనుకుంటారురా?"

నాయన ఈ మాట ఊరికే అనలేదు. మా ప్రాంతంలో బోరు వెయ్యి అడుగులు దాటినా తడి తగలని చోట్లుండాయి. నాయన బతుకులో సగం అప్పు బోర్లకే పోయింది. రెండు బోర్లు వట్టిపోయిన ఏడాది మల్బరీ తోట ఎండి, పట్టుపురుగులను పక్కూరివాళ్ళకు ఇచ్చేశాం. ఆ రోజుల్లో నాయన బోరు దగ్గరే పడుకొని, వంతు ప్రకారం ఎవరికెన్ని గంటలో లెక్కపెట్టి నీళ్ళు వదిలేవాడు. బెంగళూరు మురుగునీటిని శుద్ధి చేసి మా చెరువులకు పంపే పథకాలు వచ్చినాక చెరువుల్లో నీళ్ళు కనిపిస్తున్నాయి గానీ, నాయన కళ్ళలో ఆ పాత లెక్క పోలేదు. అట్లాంటి మనిషిని ఈతకొలనులో దిగమంటే ఎట్లా దిగుతాడు?

అందుకని మొదటి నిర్ణయం పైపుల గురించి కాదు, నీళ్ళ గురించి. బోరు నీళ్ళు ఒక్క చుక్క కూడా తొట్టికి పోనియ్యం, మిద్దె మీద పడిన వాననీళ్ళే అని నాయనకు మాటిచ్చాం. మా మిద్దె సుమారు 1200 చదరపు అడుగులు. మాకు ఏడాదికి 700 మిల్లీమీటర్ల వాన అనుకున్నా, కొంత వృథాపోగా 60 వేల లీటర్ల దాకా పట్టుకోవచ్చు. నాలుగడుగుల మట్టానికి తొట్టి పట్టేది ఇరవై రెండున్నర వేల లీటర్లు. మొదటి వాన మురికిని వదిలేసి, మిగతాది సంపుకు, సంపునుంచి తొట్టికి. ఇంకో లాభం కూడా ఉంది. మా బోరు నీళ్ళు గట్టి నీళ్ళు, కాగిన చోటల్లా తెల్లటి సున్నం పేరుస్తాయి. వాననీళ్ళకు ఆ బాధ లేదు. నాయన విన్నాడు. సరే అనలేదు, వద్దనీ అనలేదు.

ఇంక వేడి సంగతి. మా ఇంట్లో నీళ్ళు కాచడమంటే హండె. బచ్చలింట్లో పొయ్యి మీద కట్టి పెట్టిన రాగి హండె, కింద కొబ్బరి మట్టలు, చింత మొద్దులు. దీపావళికి నరక చతుర్దశి ముందురోజు సాయంత్రం దాన్ని చింతపండుతో తోమి, సున్నం, జాజు పూసి, మెడకు పూలదండ కట్టి నీళ్ళు నింపడం ఒక పండగ. కన్నడం వాళ్ళు నీరు తుంబువ హబ్బ అంటారు, అవ్వ నీళ్ళు నింపే పండగ అనేది. తెల్లారి నూనె తలంటు. మిద్దె మీద సోలార్ హీటరు పెట్టించినాక హండె మూలకు పోయింది గానీ, ఆ పండగ నాడు మాత్రం అమ్మ ఇప్పటికీ దాన్నే నింపుతుంది.

తొట్టి నీళ్ళు కాచడానికి కూడా ఆ సోలార్ హీటర్లే నాలుగైదు కలిపితే సరిపోతుందని అంగట్లో చెప్పినారు. సరిపోదు. ఎందుకో చెప్తాం, ఇంకెవరికైనా పనికొస్తుంది. తొట్టి నీళ్ళు ఒక్క డిగ్రీ పెరగాలంటే దాదాపు 26 యూనిట్ల వేడి కావాలి. రెండు కిలోవాట్ల గీజరు పదమూడు గంటలు ఆగకుండా కాలితే ఎంతో అంత. ఇంట్లో గాజుగొట్టాల హీటరు కొంచెం నీళ్ళను 60 డిగ్రీలకు కాచడానికి చేసింది. మాకు కావలసింది చాలా నీళ్ళు, కొంచెం వేడి. దానికి గాజు అక్కర్లేదు. నల్లటి రబ్బరుతోనో పాలీప్రొపిలీన్‌తోనో చేసిన చాపలు వస్తాయి, లోపల సన్నని గొట్టాల వరస ఉంటుంది. వాటిని ఎండలో పరిచి, తొట్టి నీళ్ళనే వాటిగుండా తిప్పితే చాలు. నీళ్ళకూ గాలికీ పెద్ద తేడా లేనప్పుడు ఈ అగ్గువ చాపలే బాగా పనిచేస్తాయి.

చాపలు ఎన్ని కావాలి? తొట్టి పైభాగం 200 చదరపు అడుగులు. చాపల విస్తీర్ణం దాంట్లో సగం నుంచి సమానం దాకా ఉండాలంటారు. మాకు చలికాలమే ముఖ్యం కాబట్టి సమానానికి దగ్గరగా పోయినాం: పది అడుగుల పొడవు, మూడడుగుల వెడల్పువి ఆరు, మొత్తం 180 చదరపు అడుగులు. దక్షిణం వైపుకు తిప్పి పెట్టాం. మా ఊరు 13 డిగ్రీల అక్షాంశం మీద ఉంది, ఏడాదంతా వాడేవాళ్ళు అంత వాలు పెడితే చాలు. డిసెంబరు జనవరిలో సూర్యుడు కిందగా పోతాడు కాబట్టి మేము 25 డిగ్రీల దాకా వంచినాం.

పైపుల వరస కాగితం మీద గీయడానికే మూడు ఆదివారాలు పట్టింది. మాది బెంగళూరులో సాఫ్ట్‌వేర్ టెస్టింగు పని. ఒకరు కట్టిన దాన్ని ఎట్లా చెడగొట్టవచ్చో ఆలోచించడమే జీతం. అందుకని నీళ్ళు ఎటు పోవాలి అన్నదానికంటే ఎటు పోకూడదు అన్నదే ఎక్కువ గీసినాం.

తొట్టి అడుగునుంచి నీళ్ళు లాగే తూములు రెండు, దూరదూరంగా, ఉబ్బెత్తు జాలీలతో. ఒక్కటే పెడితే పంపు లాగుడికి కాలో చెయ్యో దానికి అంటుకొని రాకుండాపోయే ప్రమాదం ఉంది. అక్కడినుంచి పంపు, పంపు తర్వాత ఇసుక ఫిల్టరు. ఫిల్టరు తర్వాత ఒక ఎన్.ఆర్.వి. ఇది లేకపోతే పంపు ఆగినప్పుడు మిద్దె మీది నీళ్ళు వెనక్కి జారి, ఫిల్టరులో పట్టిన మురికినంతా తిరగదోడి తొట్టిలోకి తెస్తాయి. దాని తర్వాత మూడు దారుల వాల్వు: ఒక దారి మిద్దెకు, ఒక దారి నేరుగా తొట్టికి. మార్చి వచ్చినాక వేడి అక్కర్లేదు, వాల్వు తిప్పితే మిద్దె దారి మూసుకుంటుంది. మిద్దెనుంచి దిగే పైపు మళ్ళీ ఈ దారిలో కలుస్తుంది, అక్కడా ఒక ఎన్.ఆర్.వి. క్లోరిన్ వేసే డబ్బా అన్నిటికంటే చివర. ముందు పెడితే గాఢమైన క్లోరిన్ నీళ్ళు చాపల్లోకి, ఫిల్టరులోకి పోయి తినేస్తాయి.

మిద్దె మీద చాపలన్నీ పక్కపక్కన, ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి కాదు. నీళ్ళు కింది మూలనుంచి ఎక్కి, ఎదురుగా ఉన్న పై మూలనుంచి దిగాలి. మొదటి చాపలోకి ముందుగా పోయిన నీళ్ళకు తిరిగొచ్చే దారి పొడుగు, చివరి చాపవాటికి పొట్టి. అట్లా అన్నిటికీ దూరం సమానమవుతుంది. లేకపోతే దగ్గరి చాప నీళ్ళన్నీ తాగి, దూరంది ఎండలో ఊరికే కాలుతుంది. పెళ్ళి బంతిలో మొదట కూచున్నవాళ్ళకే లడ్డు అందినట్టు.

ఇంకొకటి, గాలి వాల్వు. పంపు ఆగితే నీళ్ళు కిందికి జారుతాయి, వెనక ఖాళీ ఏర్పడి చాపలు పీల్చుకపోయి నలుగుతాయి. గాలి లోపలికి రానిచ్చే చిన్న వాల్వు పెడితే నెమ్మదిగా ఖాళీ అవుతాయి. దాన్ని ఎత్తైన చోటనే పెట్టాలని మేస్త్రీ, కొంచెం కిందనే పెట్టాలని మేము. పై మూల దిగే పైపు లాగుడుకు అక్కడ ఒత్తిడి తగ్గి, పంపు నడిచేటప్పుడు కూడా గాలి పీల్చి తొట్టిలో బుడగలు వస్తాయి. ఈ ఒక్క పందెం మేమే గెలిచినాం.

పంపు నిముషానికి 65, 70 లీటర్లు తిప్పుతుంది. మొదటిరోజు చిన్నాయన తిరిగొచ్చే నీళ్ళలో చెయ్యి పెట్టి, "ఏమప్పా, ఇన్ని డబ్బులు పోసి ఇంతేనా, చల్లగానే ఉండాదే" అన్నాడు. ఔను, పోయిన నీళ్ళకూ వచ్చిన నీళ్ళకూ తేడా రెండే డిగ్రీలు. అదే సరైన పద్ధతి. నీళ్ళను నెమ్మదిగా పంపితే వేడిగా వస్తాయి, చూసేవాళ్ళకు సంతోషంగా ఉంటుంది, కానీ వేడెక్కిన చాప ఆ వేడిని గాలికి పోగొట్టుకుంటుంది. మంచి ఎండ ఉన్న రోజు మొత్తంమీద తొట్టి రెండు డిగ్రీలు పెరుగుతుంది, రాత్రికి దాంట్లో కొంత పోతుంది.

చాప మీద ఒక సెన్సారు, తొట్టి పైపులో ఒక సెన్సారు. తేడా ఐదు డిగ్రీలు దాటితే పంపు ఆన్, రెండుకు తగ్గితే ఆఫ్. దాని తీగ ఉడత కొరికింది, రెండుసార్లు. ఇప్పుడు ఇనుప గొట్టంలో వేశాం.

అన్నీ కుదిరినాయనుకున్న రోజున మా టెస్టింగు బుద్ధి ఊరుకోలేదు. మా ఊళ్ళో మధ్యాహ్నం కరెంటు పోకుండా ఏ రోజూ గడవదు. మరి నడి ఎండలో కరెంటు పోయి గంట తర్వాత వస్తే ఏమవుతుంది? పంపు ఆపి, ఒంటిగంట నుంచి రెండింటి దాకా చాపలను ఎండలో వదిలి, మళ్ళీ పంపు వేసి, నీళ్ళు తొట్టిలోకి పడే చోట థర్మామీటరు పెట్టినాం. 47 డిగ్రీలు. అర నిముషమే, తర్వాత మామూలు. కానీ ఆ నీళ్ళు పడే చోటు మెట్ల పక్కన, నాయన ఎడమ చేత్తో పట్టుకోవాలని పెట్టించిన కమ్మీకి సరిగ్గా కింద. పైపు తక్కువ పడుతుందని మేస్త్రీ అక్కడ పెట్టినాడు. మేము గీసిన కాగితంలో ఆ చోటు ఎక్కడని రాసి లేదు. తప్పు మాదే.

నాయన ఎడమ చేతికి వేడి తెలియదు. స్ట్రోకు వచ్చిన కొత్తలో కాఫీ లోటా ఆ చేత్తో పట్టుకొని మాట్లాడుతూ కూచున్నాడు. అమ్మ చూసి లాక్కునేసరికి అరచెయ్యి బొబ్బలెక్కింది. నాయన బొబ్బలను చూసుకొని, అవి ఎవరివో అన్నట్టు నవ్వినాడు. ఆ నవ్వు మాకు ఇప్పటికీ గుర్తుంది.

"అర నిముషం సంగతికి పూసిన గోడ పగలగొట్టాలా సార్?" అన్నాడు మేస్త్రీ. కొత్తగా వాటర్‌ప్రూఫ్ పూత పూసి ఇరవై రోజులు కాలేదు. అతని బాధ అతనిది. అయినా పగలగొట్టించినాం. ఇరవై రెండడుగుల పైపు ఎక్కువ పట్టింది. ఇప్పుడు వేడి నీళ్ళు అవతలి గోడ అడుగున, మెట్లకు దూరంగా వస్తాయి. కరెంటు వచ్చినప్పుడు పంపు తనంతట తాను మొదలవదు, ఎవరో ఒకరు పోయి బటన్ నొక్కాలి, నొక్కేముందు నీళ్ళలో మనిషి లేడని చూడాలి. ఎర్త్ తీగ, కరెంటు లీకైతే పడిపోయే స్విచ్చి ముందే పెట్టించినాం. నీళ్ళూ కరెంటూ ఉన్న చోట ఆ ఖర్చు దగ్గర బేరం ఆడకండి.

గోడ పగులుతుంటే నాయన కర్ర పట్టుకొని వచ్చినాడు. తొట్టి పని మొదలైనప్పటినుంచి అటువైపు రావడం అదే మొదలు. "ఏమిరా, కట్టింది మళ్ళా పగలగొడతాండారు?" అన్నాడు. పైపు చోటు మార్చాలి అన్నాం అంతే. ఎందుకో అమ్మ తర్వాత చెప్పిందట. నాయన మాతో ఆ సంగతి ఎత్తలేదు. మరుసటి రోజు పొద్దున టీ తాగినాక, "ఆ వాననీళ్ళు నాలుగడుగులు ఎక్కినాయా?" అని అడిగినాడు.

నవంబరుకు ఎక్కినాయి. డిసెంబరులో నీళ్ళు 22 డిగ్రీల దగ్గర ఉంటే వేడి పట్టించడం మొదలుపెట్టినాం. పగలు ఎక్కిన వేడి రాత్రికి దిగిపోతా ఉంటే వారం రోజులు 26 దాటలేదు. తొట్టిలో వేడి పోయేది ఎక్కువగా ఆవిరి రూపంలో. మా చలికాలపు పొడిగాలి నీళ్ళను నాకేస్తుంది. బుడగల ప్లాస్టిక్ దుప్పటి తెచ్చి కప్పినాక పది పన్నెండు రోజుల్లో 31కి ఎక్కింది. 32 అనుకున్నాం, ఎక్కలేదు. థెరపీ ఆమె 31తో మొదలుపెట్టండి, ఒంట్లో వణుకు వస్తే బయటికి తీయండి అంది.

జనవరిలో ఒక మధ్యాహ్నం మూడు గంటలకు నాయన దిగినాడు. నీళ్ళలో ముందు అన్న, వెనక మేము. మొదటి రోజు ఇవతలి గోడనుంచి నాలుగడుగులు, వెనక్కి నాలుగడుగులు. ఎడమకాలు ఈడ్చకుండా ఎత్తి వేసినాడు. గట్టు మీద అమ్మ పంచె పట్టుకొని నిలబడి, ఏమీ మాట్లాడలేదు.

నాయన మాత్రం మాట్లాడినాడు. బయటికి వచ్చి తల తుడుచుకుంటూ, "ఈ దుప్పటి కప్పకుంటే ఎంత నీళ్ళు పోతాయి?" అన్నాడు. మాకు లెక్క తెలుసు గానీ నోటిలెక్కను ఆయన నమ్మడు. పాత రోజుల్లో బావి మట్టం చూసినట్టు తొట్టి గోడ మీద సుద్దతో గీత గీయించినాడు. ఒక వారం దుప్పటి లేకుండా, ఒక వారం దుప్పటితో. కప్పని వారం దాదాపు రెండు అంగుళాలు దిగింది, అంటే 800 లీటర్ల పైమాట. కప్పిన వారం సుద్దగీత మందమంత. ఇట్లాంటి పరీక్ష మా ఆఫీసులో ఎవరైనా రాసిస్తే మెచ్చుకునేవాళ్ళం. ఒకటే తేడా, దాని కోసం వారం రోజులు నీళ్ళు చల్లబడి ఆయన నడక ఆగిపోయింది. వద్దన్నా వినలేదు.

ఇప్పుడు నాయన ఈ గోడనుంచి ఆ గోడకు ఆరుసార్లు నడుస్తాడు. మేము బెంగళూరులో ఉన్న రోజుల్లో చిన్నాయన కొడుకు తోడు దిగుతాడు. సాయంత్రం ఐదు దాటితే చాలు, మాకు ఫోను వస్తుంది. ఒళ్ళు ఎట్లుందో, ఎంత నడిచినాడో చెప్పడు. "దుప్పటి కప్పినారు, నేనే చూసినా" అని చెప్పి పెట్టేస్తాడు.